పత్తి ఉండ చూపిన చోటు

ఫోన్ చేసినాయన తన పేరు మస్తాన్ అని చెప్పాడు. ఒంగోలు శివార్లలో మా చిన్నప్పుడు ఉన్న రైఫిల్ క్లబ్బు ఇప్పుడు వేరే చోటికి మారిందట, అక్కడ తుపాకులు బాగుచేసే పని తనదేనట. "దేవదానం గారి చిన్నమ్మాయి మీరేనా మేడం? మీ నాన్నగారి చేతి కింద ఉన్న రైఫిలు ఒకటి పాత సామాన్లలో దొరికింది. దానికి ఏ రకం తూటా పడుతుందో మీకేమైనా గుర్తుందేమోనని చేశాను" అన్నాడు. అరవై దాటిన రిటైర్డ్ తెలుగు టీచరుకు ఫోన్ చేసి తూటాల సంగతి అడిగేవాళ్ళు గుంటూరు మొత్తంలో ఇంకెవరూ ఉండరు. నవ్వు రావాల్సిన మాట. కానీ నాకు తెలియకుండానే నా కుడిచేతి వేళ్ళు ముక్కు దగ్గరకు వెళ్ళాయి. ఆ పని చేసి నలభై ఏళ్ళు దాటింది. వస్తానని చెప్పి ఫోన్ పెట్టేశాను.

కొత్త రేంజి చూస్తే నాకు ఆసుపత్రి గుర్తొచ్చింది. తెల్లటి గోడలు, ఏసీ చలి, ఎక్కడా దుమ్ము లేదు. టార్గెట్ కాగితాలు కూడా లేవు. పిల్లలు ట్రిగ్గర్ నొక్కగానే పక్కనున్న తెర మీద చుక్క పడుతుంది, అంకె వస్తుంది. ఎవరూ నడిచి వెళ్ళి చూడాల్సిన పని లేదు, ఎవరూ అవతల కూర్చోవాల్సిన పనీ లేదు. మస్తాన్‌కి యాభై ఉంటాయి. గ్రానైట్ కోసే మిషన్లకు భాగాలు చేసే లేత్ షాపులో పనిచేసి ఇటు వచ్చినవాడట. బల్ల మీద గుడ్డ పరిచి, దాని మీద ఆ రైఫిలు పెట్టాడు. కర్ర భాగం రంగు పోయింది గానీ, చెంప ఆనే చోట నున్నటి గుంత అలాగే ఉంది. అది మా అక్క చెంప పెట్టిన చోటు. చెయ్యి వెయ్యబోయి తీసేశాను.

సన్నటి వైరు చివర కెమెరా ఉన్న పరికరాన్ని గొట్టంలోకి దింపి, ఫోనులో నాకు లోపలంతా చూపించాడు. మెలికలు తిరిగిన గాడులు మెరుస్తూ కనిపించాయి. "చూడండి, లోపల ఇప్పటికీ ఎంత బాగుందో. ఈ చిన్న తూటా మెత్తటి సీసం, మందు కూడా తక్కువ. వేలకు వేలు కాల్చినా ఈ గొట్టాలు అంత తొందరగా అరగవు" అన్నాడు. తర్వాత కెమెరాని బయటకు తీసి మూతి వైపు తిప్పాడు. గుండ్రంగా ఉండాల్సిన అంచు ఒక పక్క మాత్రం అరిగి, గీతలు పడి, వాలిపోయి ఉంది. "తూటా గొట్టాన్ని వదిలే చివరి చోటు ఇదే కదా మేడం. ఇక్కడ ఒక పక్క తగ్గితే వెనకాల గాలి ముందు ఆ పక్కనుంచి తప్పించుకుంటుంది, తూటాని పక్కకి నెడుతుంది. ఇది కాల్చి పాడైన తుపాకి కాదు, తుడిచి పాడైన తుపాకి. ఎవరో ఇనుప ఊచతో, మూతిలోంచి, రోజూ ఒకే చోట నిలబడి తుడిచారు." నేను మంచినీళ్ళు ఇమ్మని అడిగాను.

మా నాన్న పట్టాళంలో తుపాకులు మరమ్మతు చేసే చోట పనిచేసి వచ్చినవాడు. క్లబ్బువాళ్ళు ఆయనకు ఉద్యోగంతో పాటు రెండు గదుల ఇల్లు ఇచ్చారు. మా వంటింటి గోడకు అవతలే తుపాకుల గది. చుట్టూ పత్తి చేలు, మిరప చేలు. కళ్ళాల్లో కాయలు ఎండబోసిన రోజుల్లో గాలి ఇటు తిరిగిందంటే క్లబ్బు సభ్యులందరూ వరసగా తుమ్మేవాళ్ళు. నాన్న వాళ్ళకి తడి రుమాళ్ళు ఇచ్చి, "తుమ్మొస్తే ముందు వేలు తియ్యండి సార్, తర్వాత తుమ్మండి" అని బతిమాలేవాడు. ఆదివారం గుడి నుంచి రాగానే తెల్లచొక్కా కూడా విప్పకుండా తూటాల పెట్టెలు ముందేసుకుని కూర్చునేవాడు. అమ్మ అన్నానికి పిలిచి పిలిచి విసిగిపోయి, "పెట్టినామె వెళ్ళిపోయాక తింటావులే" అని గొణిగేది.

ఆ పని చూడ్డం నాకు భలే ఇష్టం. పెద్ద తూటాలకు కొట్టే చోటు అడుగున మధ్యలో ఉంటుందట. మా క్లబ్బులో వాడే ఈ చిటికెనవేలి కన్నా సన్నటి తూటాలకు మాత్రం అంటుకునే మందు అడుగంచు మడతలో చుట్టూ ఉంటుంది, తుపాకి సూది ఆ అంచు మీదే కొడుతుంది. అంచు ఒకదానిది లావుగా, ఒకదానిది పలచగా ఉంటే దెబ్బ ఒకేలా పడదు, తూటా ఒకే చోటికి పోదు. అందుకని నాన్న ఇత్తడి తలుపు బందులో ఆకురాయితో సన్నటి గాడి కోసి పెట్టుకున్నాడు. ఒక్కో తూటా అంచును ఆ గాడిలో జారవిడిచి చూసేవాడు. సరిగ్గా కూర్చున్నవి పోటీలకని ఒక డబ్బాలోకి, మిగిలినవి ప్రాక్టీసుకని ఇంకో డబ్బాలోకి. పెట్టె ఒకటే, కంపెనీ ఒకటే, అయినా బ్యాచి మారితే కొన్ని గొట్టాలు ఒప్పుకునేవి కావు. మనిషికి వంకాయ పడదన్నట్టే, "దీనికి ఈ తూటా పడదమ్మా" అనేవాడు. అక్క కాల్చే రైఫిలుకి మెల్లగా పోయే రకం కావాలి, సీసం మీద మెత్తటి కొవ్వు పూసి ఉండాలి. గట్టిగా పేలేవి వేస్తే అలిగేది.

ఇంట్లో పది ఆజ్ఞలతో పాటు నాన్నవి రెండు ఉండేవి. గొట్టం లోపల ఊరికే కడగకూడదు, దాని మసి దాన్ని ఉండనివ్వాలి. కడిగితే మళ్ళీ కుదురుకునేదాకా పదో ఇరవయ్యో తూటాలు టార్గెట్టు వెనక మట్టికట్టలోకి వదలాలి. రెండోది, గొట్టం మూతికి ఏదీ తగలకూడదు. పొరపాటున నా జడ కుచ్చు తగిలినా కసిరేవాడు. మామూలుగా మా మీద గొంతు పెంచని మనిషి. రెండోదానికి కారణం ఆయన చెప్పలేదు గానీ, ఈ రెండూ నాకు బాగా తెలుసు. తెలియక చేశానని చెప్పుకునే వీలు నాకు లేదు.

కాల్చేవాళ్ళకి యాభై మీటర్ల అవతల టార్గెట్టు, దానికి కింద ఎడమ పక్కన నడుము లోతు గుంట, ముందు ఇసుక బస్తాల గోడ. నాన్న అందులో కూర్చునేవాడు. దారి పొడుగునా పుల్లలు పాతి, వాటికి పత్తి పింజలు కట్టాడు, గాలి ఎటుందో తెలియడానికి. తన చేతిలో పొడుగాటి వెదురుకర్ర, దాని కొసకి పిడికిలంత పత్తి ఉండ. తూటా పేలగానే ఆ కర్ర గుంటలోంచి లేచి, చిల్లు ఎక్కడ పడిందో అక్కడ తెల్ల ఉండ ఆగేది. మిగతా క్లబ్బుల్లో ఎర్ర రేకు బిళ్ళలు వాడతారని తర్వాత విన్నాను. పత్తి ఉండ మా నాన్న సొంతం. మా అక్క ఎస్తేరు పధ్నాలుగో ఏట రైఫిలు పట్టింది. బోర్లా పడుకుని, కాల్చి, తెల్ల ఉండ ఎక్కడ లేస్తుందా అని చూసి, మళ్ళీ కాల్చేది. ఇద్దరూ మాట్లాడుకోకుండా అలా పూటంతా గడిపేవాళ్ళు. నాకు కొంచెం అసూయగా కూడా ఉండేది, ఒప్పుకుంటాను.

అక్కకి ఇరవయ్యో ఏడు వచ్చేసరికి రాష్ట్ర జట్టు ఎంపికకి పిలుపొచ్చింది. జట్టులోకి వెళితే ఆటల కోటాలో ఉద్యోగం ఖాయమని క్లబ్బు సెక్రటరీగారు చెప్పారు. ఆ ముందరి చలికాలంలో ఒకరోజు పొద్దున అక్క ప్రాక్టీసు చేస్తోంది. నేను టీ ఫ్లాస్కు పట్టుకుని వెనకాల నిలబడ్డాను. ఏడో తూటా దాకా కర్ర లేచింది. ఎనిమిదోదానికి లేవలేదు. నాన్న కళ్ళు తుడుచుకుంటున్నాడేమో అనుకుని అక్క తొమ్మిది, పది కూడా కాల్చేసింది. అప్పుడూ లేవలేదు. "నాన్నా!" అని పిలిచింది. పత్తి పింజలు ఒక్కటీ కదలడం లేదు. మేం పరుగెత్తుకెళ్ళేసరికి ఇసుక బస్తాలకు ఆనుకుని కూర్చుని ఉన్నాడు, ఒంటి మీద గీత కూడా లేదు, కర్ర మోకాళ్ళ మీద అడ్డంగా ఉంది. కళ్ళు టార్గెట్టు వైపే తెరుచుకుని ఉన్నాయి. గుండె ఆగిందన్నారు డాక్టరుగారు. ఎనిమిదో తూటాకి ముందా, తర్వాతా అని అక్క అడిగింది. ఆయనకి ఆ ప్రశ్న అర్థం కాలేదు.

భూస్థాపన అయిన మూడోరోజున అమ్మ నాన్న బట్టలన్నీ ఉతికి, ఆరేసి, మడతపెట్టి, గుడి దగ్గర పంచేసింది. మావాళ్ళలో కొందరికి అది ఆనవాయితీ. ఉతికినప్పుడు నాన్న వాసన కూడా పోయింది. అగ్గిపుల్ల ఆర్పాక వచ్చే ఘాటు, దాని మీద కొవ్వొత్తి ఆర్పిన వాసన, అదీ ఆయన. చొక్కాలకీ వేళ్ళకీ బైబిలు అట్టకీ అదే ఉండేది. ఇల్లంతా వెతికాను. కొత్త మనిషిని పెట్టుకునేదాకా మమ్మల్ని ఇంట్లో ఉండమన్నారు, తుపాకుల గది ఊడ్చే పని నాకు ఇచ్చారు. కొట్టే సూదులుండే బోల్టులూ తూటాలూ సెక్రటరీగారి బీరువాలో ఉండేవి. తుపాకులు మాత్రం గొలుసు వేసి నిలువుగా వరసగా ఉండేవి, మూతులు పైకి, సరిగ్గా నా గడ్డం ఎత్తున. ఊడుస్తూ వంగి లేస్తుంటే అక్క రైఫిలు మూతిలోంచి ఆ వాసన వచ్చింది. చీపురు కింద పెట్టేసి అక్కడే నిలబడిపోయాను.

నాకప్పుడు పదిహేనేళ్ళు. నాన్న చిరిగిన గొడుగులోంచి ఒక ఊచ ఊడదీశాను. అమ్మ పంచకుండా మిగిలింది లాంతరు తుడిచే గుడ్డగా మారిన నాన్న బనీను ఒకటే. దాన్ని పేలికలు చించి, ఊచ కొసకి చుట్టి, మూతిలోంచి లోపలికి నెట్టి, తిప్పి, లాగాను. నల్లగా వచ్చింది. ముఖానికి అదుముకున్నాను. నాన్న గదిలోకి వచ్చి నా వెనకాల నిలబడ్డట్టే ఉంది, తిరిగి చూడ్డానికి భయమేసింది. తిరిగి చూడలేదు. నాలుగు రోజులకి వాసన పలచబడింది, గట్టిగా రుద్దాను. తర్వాత అసలు రాలేదు. అక్క మళ్ళీ ప్రాక్టీసు మొదలుపెట్టాక, ఆమె కాల్చిన రోజు మధ్యాహ్నం నాన్న మళ్ళీ వచ్చేవాడు. అక్క కాలేజీకి వెళ్ళగానే నేను గదిలోకి వెళ్ళేదాన్ని. వారానికి మూడుసార్లు, నాలుగు నెలలపాటు. గోడవారగా ఒక్కటే చోటు ఉండేది నిలబడ్డానికి. ఊచ మూతికి రాసుకుంటూ కీచుమనేది.

ఆ నెలల్లోనే అక్క తూటాలు దారి తప్పాయి. మొదట్లో పదింటిలో ఒకటో రెండో కింద ఎడమ పక్కకి పోయేవి. గురి చూసే సైటు రెండు క్లిక్కులు కుడికీ పైకీ తిప్పింది, మధ్యకి వచ్చాయి. రెండు వారాలు తిరగకముందే మళ్ళీ అటే పోయాయి. మళ్ళీ తిప్పింది. మళ్ళీ అటే. నాన్న ఏరిపెట్టిన పోటీ డబ్బాలో తూటాలు వాడింది, బ్యాచి మార్చింది, కళ్ళు చూపించుకుంది. "కళ్ళు గద్ద కళ్ళమ్మా" అన్నాడట ఆ డాక్టరు. పత్తి పింజలు చలనం లేకుండా వేలాడుతున్న పొద్దుటిపూట కూడా తూటాలు అటే పోతుంటే, చూస్తున్న సభ్యులు ఒకరి ముఖాలు ఒకరు చూసుకునేవాళ్ళు. కింద ఎడమ పక్కన ఏముందో అందరికీ తెలుసు. నాన్న బదులు గుంటలో కూర్చోడానికి వచ్చిన యేసోబు వారానికే మానేశాడు. "కూర్చుంటే పక్కన ఇంకో మనిషి ఊపిరి తీస్తన్నట్టుందండీ, నా వల్ల కాదు" అన్నాడు. పాస్టరుగారు వచ్చి గుంట దగ్గర మోకరించి ప్రార్థన చేశారు. లేచి, మోకాళ్ళ మట్టి కూడా దులుపుకోకుండా వెళ్ళిపోయారు.

ఒకరోజు పొద్దున నాకు జడ వేస్తూ అక్క చేతులాపింది. "నాన్న అటు లాక్కుంటున్నాడే" అంది మెల్లగా. నేను నమ్మాను. ఎందుకు నమ్మను, ఆయన గదిలోకి వచ్చి నా వెనకాల నిలబడుతున్నాడాయె. నేను చేస్తున్నదీ అక్కకి జరుగుతున్నదీ ఒకటేనని నాకు తట్టనే లేదు. నాకు వచ్చిన నాన్నే అక్కకీ వస్తున్నాడని మాత్రం అనుకున్నాను.

ఎంపిక వేరే ఊళ్ళో. సెక్రటరీగారు అక్కనీ రైఫిలునీ జీపులో తీసుకెళ్ళారు. సాయంత్రం తిరిగొచ్చిన అక్క "రాలేదమ్మా" అని ఒక్క మాట చెప్పి స్నానానికి వెళ్ళింది. సెక్రటరీగారు రైఫిలుని తన చేత్తోనే గొలుసుకి తగిలించి, మా ముఖం చూడకుండా వెళ్ళిపోయారు. నేను తుపాకుల గదిలోకి వెళ్ళి పేలిక దింపాను. పోటీ రోజు కదా, బోలెడు తూటాలు కాల్చి ఉంటుంది, నల్లగా రావాలి. తెల్లగా వచ్చింది. తుప్పు పట్టకుండా పూసే నూనె వాసన తప్ప ఇంకేమీ లేదు. మూడుసార్లు చూశాను. నాన్న ఇంక పూర్తిగా వెళ్ళిపోయాడనుకున్నాను. ఊచని తీసుకెళ్ళి మిరపచేలోకి విసిరేశాను, మళ్ళీ ఆ గదిలో ఊడవడం తప్ప ఇంకేమీ ముట్టుకోలేదు. అక్క కూడా మళ్ళీ తుపాకి ముట్టుకోలేదు. నెలలోపల ఇల్లు ఖాళీ చేశాం. అమ్మ ఒక హాస్టల్లో ఆయాగా చేరింది. అక్క పెళ్ళై పొదిలి వెళ్ళిపోయింది.

నేను చేసిందేమిటో నాకు తెలిసింది టీచరునయ్యాక. ఎన్‌సీసీ క్యాంపుకి మా ఆడపిల్లల్ని తీసుకెళితే, ఒక పిల్ల రైఫిలు మూతిలోంచి ఊచ దింపుతోంది. హవల్దారు గావుకేక పెట్టాడు. "మూతి అరిగితే తూటా పక్కకి పోద్ది, జీవితాంతం పక్కకే పోద్ది!" పిల్ల ఏడ్చింది. నేనెందుకు ఏడుస్తున్నానో అక్కడ ఎవరికీ అర్థం కాలేదు. ఆ రోజే పొదిలి బస్సెక్కి చెప్పాల్సింది. చెప్పలేదు. అక్క తన చేతకానితనమనో, నాన్న ఆత్మ అనో ఏదో ఒకటి అనుకుని బతుకుతోంది, అది నా గొడుగు ఊచ అని తెలిస్తే నన్నేమంటుందో అని పిరికితనం. పండక్కీ పబ్బానికీ వెళ్ళడం, ఆమె పెట్టింది తినడం, రావడం. ఇన్నేళ్ళూ అలా గడిపాను.

రేంజిలో మంచినీళ్ళు తాగి, మస్తాన్‌తో అంతా చెప్పేశాను. ఆయన గొట్టం మూతిని వేలితో తడిమి, "అయ్యో, అంతేనా మేడం? మూతి పోతే గొట్టం చచ్చినట్టు కాదు. అంగుళం ముక్క కోసేసి లేత్ మీద కొత్త అంచు తీస్తే మళ్ళీ కొత్తదే. క్లబ్బువాళ్ళు ఒప్పుకున్నారు కూడా" అన్నాడు. నా ముందే కోశాడు. అంగుళం. ఒంగోల్లో అప్పుడు కూడా లేత్ షాపులు ఉన్నాయి. ఎవరికైనా తట్టి ఉంటే ఒక్క పూట పని. అక్క జీవితం ఆ అంగుళం ముక్క దగ్గర అటు తిరిగింది. కోసిన ముక్కని చల్లారబెట్టి, కాగితంలో చుట్టి నా చేతిలో పెట్టాడు. దానికి పడే తూటా ఏదో చెప్పాను, మెల్లగా పోయేది, మెత్తటి కొవ్వుది. రేపు పొద్దున కాల్చి చూసి ఫోన్ చేస్తానన్నాడు.

మర్నాడు పొదిలి వెళ్ళేసరికి అక్క వరండాలో చాట ముందేసుకుని ఎండుమిరపకాయలకు తొడిమలు తీస్తోంది. "లోపలికి రాకముందే తుమ్మేసి రా" అంది. కూర్చుని నేనూ నాలుగు కాయలు చేతిలోకి తీసుకున్నాను. ఇంక ఆగితే చెప్పలేనని, ఆ ముక్కని చాటలో పెట్టి మొత్తం చెప్పేశాను. ఊచ, బనీను, వాసన, నాలుగు నెలలు, అరిగిన మూతి. "నాన్న లాగలేదక్కా. నేను. నువ్వు అన్యాయంగా మానేశావు" అన్నాను.

అక్క చేతులు ఆగాయి. "గొడుగు ఊచా!" అని నవ్వింది. "నువ్వటే అది? గోడవతల కీచుకీచుమంటుంటే పందికొక్కులనుకుని అమ్మ బోను కూడా పెట్టింది కదే!" ముక్కని ఎత్తి ముక్కు దగ్గర పెట్టుకుంది.

"ఏమన్నా ఉందా?" అన్నాను.

"మిరపకాయ వాసన" అని దాన్ని మళ్ళీ చాటలో వేసింది. తర్వాత తల దించుకుని, తొడిమ విరుస్తూ, చాలా మామూలుగా అంది. "కానీ రూతూ, సెలక్షన్ రోజు నేను దాంతో కాల్చలేదే."

"మరి దేంతో?" అన్నాను.

"అక్కడికెళ్ళాక సెక్రటరీగారు, ఈ తుపాకి నీకు అచ్చిరావడం లేదమ్మా అని, తన సొంత రైఫిలు ఇచ్చారు. ఫారిన్‌ది, కొత్తది. మన తుపాకి పెట్టె విప్పనే లేదు."

నూనె వాసన తప్ప ఇంకేమీ లేని ఆ తెల్లటి పేలిక నా కళ్ళ ముందు కదిలింది. ఇన్నేళ్ళూ దాన్ని నేను వేరేగా అర్థం చేసుకున్నాను.

"మరి ఎందుకు రాలేదు?"

"పదీ ఒకే చిల్లు. నా జీవితంలో అంత బాగా ఎప్పుడూ కాల్చలేదు. నాన్న ఉంటే ఆ కాగితం గోడకి తగిలించేవాడు. కాకపోతే చిల్లు మధ్యలో లేదు. కింద, ఎడమ పక్కన."

"నువ్వు గురి ఎక్కడ పెట్టావు?"

"మధ్యకే పెట్టా. దేవుడి మీద ఒట్టు." కాయ ఒకటి తీసుకుంది, తొడిమ తియ్యకుండా పట్టుకుంది. "అక్కడ ఎర్ర బిళ్ళలు చూపిస్తారు, అవి కాల్చాక లేస్తాయి. నాకు కాల్చకముందే లేచింది. తెల్లగా, పత్తి ఉండ. పదిసార్లూ. అది ఆగిన చోటే తూటా పోయి కూర్చుంది. నాన్న చూపించిన చోటే కదే నా తూటా ఎప్పుడూ ఉండేది."

మిట్టమధ్యాహ్నం, వీధిలో సైకిళ్ళు పోతున్నాయి. అయినా నేను అక్క దగ్గరకి జరిగి కూర్చున్నాను. "భయమేసి మానేశావా?" అన్నాను.

"నాన్నంటే భయమేంటే?" కోపంగా చూసింది. "చచ్చిపోయాక కూడా ఆయన నా కోసం ఆ గుంటలో కూర్చుని కర్ర ఎత్తుతున్నాడు. నేను తుపాకి పట్టుకున్నన్నాళ్ళూ ఎత్తుతూనే ఉంటాడు. ఎంత అలిసిపోయి ఉంటాడు? ఆయన్ని లేవనివ్వాలనే మానేశా. అమ్మకి చెప్తే ఏడుస్తుంది, నీకు చెప్తే జడుసుకుంటావు. ఎవరికీ చెప్పలేదు. మానేసినా లేచాడో లేదో నాకు తెలియలేదే. అదొక్కటే ఇన్నేళ్ళూ."

నా ఫోన్ మోగింది. మస్తాన్. స్పీకరు నొక్కాను. "మేడం, ఇరవై తూటాలు ఊరికే కొట్టాక కుదురుకుంది. మీరు చెప్పిన రకమే పడింది దానికి. పదీ ఒకదాని మీద ఒకటి" అన్నాడు. అక్క ఫోన్ నా చేతిలోంచి లాక్కుంది.

"ఎటు పోతున్నాయి బాబూ?"

"మీరెవరమ్మా? కొంచెం కిందకి, ఎడమ పక్కకి. కొత్త మూతి కదా, సైటు తిప్పుకోవాలి."

అక్క కళ్ళు మూసుకుంది. "తిప్పారా?"

"తిప్పానమ్మా."

"ఇంకో పది కొట్టండి. నేను లైన్లో ఉంటా."

ఎందుకని ఆయన అడగలేదు. ఫోను చాట పక్కన పెట్టుకుని ఇద్దరం వంగి కూర్చున్నాం. తొడిమ విరిచినంత చిన్న చప్పుడు వచ్చింది. కాసేపాగి ఇంకోటి. అక్క పెదవులు కదుపుతూ లెక్కపెడుతోంది. ఏడు అయ్యాక ఊపిరి బిగబట్టింది. ఎనిమిది. తొమ్మిది. పది.

"అమ్మా, ఉన్నారా? పదీ మధ్యలోనే ఉన్నాయి."

"సరిగ్గా చూడండి బాబూ. ఒక్కటి కూడా అటు పోలేదా?"

"ఒక్కటి కూడా లేదమ్మా. అన్నీ మధ్యలోనే."

అక్క ఫోన్ నాకిచ్చేసింది. మిరపకాయల చేతులతో కళ్ళు తుడుచుకోబోతే మణికట్టు పట్టుకుని ఆపాను. కొంగుతో నేనే తుడిచాను.

"దించాడే రూతూ" అంది. "నాన్న కర్ర దించాడు."